మన వెబ్‌సైట్ ఎవరికి కనిపిస్తోంది?



నిరుడు జూలై మూడో వారంలో ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొని మా బడికి వచ్చింది. అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్ బైపీసీలో చేరింది. తండ్రి లేడు. తల్లి ఇంట్లో కుట్టుమిషన్ మీద నాలుగు జాకెట్లు కుట్టి సంసారం నడుపుతోంది. "సార్, మీ సొసైటీవాళ్లు చదువుకు డబ్బు ఇస్తారంట కదా, ఫారం యాడ దొరుకుతుంది?" అని అడిగింది. మన స్కాలర్‌షిప్ గడువు జూన్ 30తోనే ముగిసింది. ముందే ఎందుకు రాలేదమ్మా అంటే, "మాకు ఈ పొద్దే తెలిసింది సార్. పాప ఫోన్లో శానా దినాలు వెతికింది. కువైట్‌లో ఉండే మా తమ్ముడు కూడా వెతికినాడు. మీ సొసైటీ పేరే రాలేదు" అంది.

మాకు సిగ్గనిపించింది. ఎందుకంటే ఆ వెబ్‌సైట్ తయారైనప్పుడు సభలో లేచి పొగిడినవారిలో మేమూ ఉన్నాము. అధ్యక్షులవారి ఫొటో, కదిలే బొమ్మలు, అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకెల మీటరు – అన్నీ బాగున్నాయనుకున్నాము. ఆ అమ్మాయి ఏ మాటలతో వెతికిందో అడిగి, అవే మాటలు మా ఫోన్లో కొట్టి చూశాము. ఎప్పుడో ఆగిపోయిన ప్రభుత్వ పథకాల పేజీలు వచ్చాయి. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు వచ్చాయి. ఫోన్ నంబరు, ఆధార్ నంబరు ఇమ్మని అడిగే అనుమానాస్పద పేజీ ఒకటి వచ్చింది. మనది మాత్రం రాలేదు. ఆ మాటలకు బదులు సొసైటీ పూర్తి పేరు కొడితే అప్పుడు వచ్చింది. మన పేరు ముందే తెలిసినవాడికి వెబ్‌సైట్‌తో పనేముంది? నేరుగా ఆఫీసుకే వస్తాడు.

ఈ సంగతి కార్యవర్గంలో పెట్టగానే మరుసటి సమావేశానికి ఒక ఏజెన్సీవారి ప్రతిపాదన వచ్చింది. నెలనెలా కొంత సొమ్ము కడితే వేల మంది సందర్శకులను తెస్తామనీ, గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అనీ అందులో ఉంది. సభ్యులు కొందరు సరేనన్నారు. ఆ సొమ్ము మీరు ఇచ్చినది. అందుకే సంతకం పెట్టేముందు విషయం కాస్త చదువుకుంటామని మేము గడువు అడిగాము. అలా చదువుకున్నదీ, మన సైటు మీద చేసి చూసినదీ దాతలైన మీ ముందు పెడుతున్నాము.

గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్ పని మూడు మెట్లుగా సాగుతుంది. మొదట దాని యంత్రాలు ఒక పేజీలోని లింకు పట్టుకొని మరో పేజీకి వెళుతూ కనిపించినవన్నీ చదువుతాయి. చదివినదాన్ని మన బడి లైబ్రరీలో ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో రాసుకునే రిజిస్టరులాంటి ఒక సూచీలో చేర్చుకుంటాయి. ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు ఆ సూచీలోంచి తగిన పేజీలను ఎంచి, ఏది పైన ఏది కింద అన్నది తేలుస్తాయి. అందరూ మూడో మెట్టు గురించే మాట్లాడతారు. మన సైటు మొదటి రెండు మెట్ల దగ్గరే తప్పిపోయింది.

కారణం విని మీకు నవ్వు రావచ్చు. స్కాలర్‌షిప్ నోటీసును మనం ప్రెస్‌లో కరపత్రంగా వేయించి, దాన్ని ఫొటో తీసి సైటులో పెట్టాము. మనిషి కంటికి అది అక్షరాలు, యంత్రానికి ఒక బొమ్మ. బొమ్మలోని రాతను ఇప్పుడు యంత్రాలు కొంతవరకు గుర్తుపట్టగలుగుతున్నా, ముఖ్యమైన సమాచారాన్ని బొమ్మల్లో పెట్టవద్దన్నదే గూగుల్ సలహా. ఇక గత సావనీర్ల నుంచి తీసి పెట్టిన వ్యాసాలది వేరే చిక్కు. మన డీటీపీ సెంటర్లు ఏళ్లతరబడి వాడుతున్నవి అను ఫాంట్లు. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది గానీ, లోపల కంప్యూటరు దాచుకున్నది తెలుగు అక్షరాలు కావు, వాటి స్థానంలో వేరే గుర్తులు. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది గజిబిజి. పాత ఇన్‌పేజ్‌లో కంపోజ్ చేసిన ఉర్దూ పేజీలదీ ఇంచుమించు ఇదే కథ. తెలుగైనా ఉర్దూ అయినా యూనికోడ్‌లో ఉంటేనే యంత్రం దాన్ని ఆ భాషగా గుర్తిస్తుంది.

దీన్ని పరీక్షించడానికి ఇంజనీరు అక్కర్లేదు. సైటులోని ఒక తెలుగు వాక్యాన్ని వేలితో నొక్కి పట్టి కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకొని చూడండి. తెలుగుగా వస్తే మంచిదే. పిచ్చి గీతలుగా వస్తే సెర్చ్ ఇంజన్‌కూ అవే అందుతున్నాయి. అసలు నొక్కి పట్టడానికే లొంగకపోతే అది బొమ్మ. మా తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు ఒక ఆదివారం కూర్చొని మన సైటు మొత్తాన్ని ఇలా పరీక్షించారు. తెలుగులో ఉన్నదాంట్లో యంత్రం చదవగలిగింది మన చిరునామా, రెండు మెనూ మాటలు మాత్రమే.

ఇక పైనా కిందా తేల్చే సంగతి. 1998లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గే బ్రిన్ గూగుల్‌ను ప్రారంభించినప్పుడు వారి మూల ఆలోచన ఒకటే. ఒక పేజీకి ఇతర పేజీల నుంచి వచ్చే లింకును ఒక సాక్ష్యంగా లెక్కించాలి. సాక్ష్యం చెప్పేవాడు నమ్మదగినవాడైతే ఆ సాక్ష్యానికి బరువెక్కువ. ఇది విన్నప్పుడు మాకు హదీసు శాస్త్రం గుర్తొచ్చింది. ముహద్దిసులు మాటను మాత్రమే చూసి ఊరుకోలేదు. దాన్ని ఎవరు ఎవరి నుంచి విన్నారన్న ఇస్నాద్‌ను, అందులోని ఒక్కొక్కరి నిజాయితీని పరిశీలించారు. రెంటినీ ఒకే గాటన కట్టడం లేదు. అది దీన్‌కు సంబంధించిన విద్య, ఇది ఒక కంపెనీ లెక్క. అర్థం కావడానికి మాత్రమే చెబుతున్నాము. ఇప్పుడు గూగుల్ చూసే అంశాలు ఎన్నో పెరిగాయి కానీ లింకు విలువ పూర్తిగా పోలేదు.

ఇలాంటి సాక్ష్యాన్ని కొనవచ్చా? ఏజెన్సీవారు చెప్పింది అదే. వందల సైట్లలో మన లింకు పెట్టిస్తామన్నారు. ఆ సైట్ల జాబితా అడిగి చూస్తే కొన్ని జూదానివి, కొన్ని ఏ భాషో తెలియనివి. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012లో పెంగ్విన్ అన్న పేరుతో తెచ్చిన మార్పు ఇలాంటి లింకులతో పైకెక్కిన సైట్లను కిందికి దించడానికే. మొదటి స్థానాన్ని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా గూగుల్ తన సలహా పేజీలోనే చెబుతోంది. వేల మంది సందర్శకులంటే ఎవరని అడిగితే ఆ ఏజెన్సీ ప్రతినిధి సూటిగా జవాబివ్వలేదు. అలా అమ్మే సందర్శనల్లో చాలావరకు యంత్రాలు చేసేవే. యంత్రం వచ్చి చూస్తే మీటరు తిరుగుతుంది, ఫారం నింపే పిల్ల మాత్రం ఉండదు. ప్రతిపాదనలో 40 మాటల జాబితా ఒకటి పెట్టి, వాటిని పేజీ లోపల కనిపించకుండా కీవర్డ్స్ ట్యాగ్‌లో దాస్తామని కూడా రాశారు. ర్యాంకింగ్‌లో ఆ ట్యాగ్‌ను తాము పట్టించుకోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. కార్యవర్గం ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది.

నిజాయితీ గల సాక్ష్యం మన చుట్టూనే ఉంది, మనం అడగలేదంతే. మన రక్తదాన శిబిరానికి చోటిచ్చిన కాలేజీకి సైటు ఉంది. మన విద్యార్థులు చదువుతున్న సంస్థలకు సైట్లున్నాయి. దాతల్లో ఆసుపత్రులు, దుకాణాలు, స్కూళ్లు నడుపుతున్నవారున్నారు. వారి సైటులో 'పేద విద్యార్థులకు సాయం' అని ఒక వాక్యం రాసి మన స్కాలర్‌షిప్ పేజీకి లింకు ఇస్తే, అది వారు నిజంగా ఎరిగి చెప్పిన మాట అవుతుంది. ఇప్పటికి ముగ్గురు ఇచ్చారు. జజాకల్లాహ్ ఖైర్.

మేము ఎక్కువ సమయం పెట్టింది మాటల మీద. మన పేజీల శీర్షికలు 'హోమ్', 'అవర్ యాక్టివిటీస్' అని ఉండేవి. ఎవరైనా గూగుల్‌లో 'అవర్ యాక్టివిటీస్' అని వెతుకుతారా? ఇప్పుడు స్కాలర్‌షిప్ పేజీ శీర్షిక 'ఇంటర్ చదివే పేద ముస్లిం విద్యార్థులకు స్కాలర్‌షిప్, కడప' అని ఉంది. కింద అర్హత, కావలసిన కాగితాలు, గడువు, ఆఫీసు వేళలు మామూలు వాక్యాల్లో రాశాము. మనం ఉపవాస మాసాన్ని 'రమజాన్' అని రాస్తాము, పత్రికల్లో 'రంజాన్' అని వస్తుంది, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు 'రమదాన్' అంటారు. మౌలానాలు 'సదఖతుల్ ఫిత్ర్' అంటే ఇళ్లలో 'ఫిత్రా' అంటారు. పైగా చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందుకని పేజీలో సందర్భం వచ్చినచోట ఈ రూపాలు సహజంగా పడేలా చూశాము. ఒకే మాటను 20 సార్లు గుచ్చితే చదివేవాడికి విసుగు, గూగుల్ కూడా దాన్ని మోసంగానే చూస్తుంది.

జకాత్ పేజీ తయారీలో మాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. నిసాబ్ ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి అని మన పెద్దలు చెబుతారు. కరపత్రాల్లోనూ అలాగే వేస్తాము. ఇప్పుడు మన బంగారం కొట్లో తులం అంటే 10 గ్రాములు. ఆ లెక్కన ఒక సోదరి 75 గ్రాములు అనుకుంది. కానీ ఆ పాత లెక్కలో తులం 11.664 గ్రాములు. అంటే బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. చిన్న తేడా కాదు. పేజీలో ఈ రెండు తులాల తేడాను గుణకారంతో సహా చూపించి, కింద రెండున్నర శాతం లెక్కకు ఒక ఉదాహరణ పెట్టాము. బంగారం లెక్క పట్టాలా వెండి లెక్క పట్టాలా, నగలకు ఎలా అన్న మసాయిల్ దగ్గర మేము కలం ఆపి, ముఫ్తీ సాబ్‌కు చూపించి, ఆయన చెప్పినట్టే రాశాము. ఈ రమజాన్‌లో మన సైటుకు వెతుక్కుంటూ వచ్చినవారిలో ఎక్కువమంది వచ్చింది ఈ పేజీకే. వారిలో కొందరు చదివి, కిందనే ఉన్న విద్యానిధి వివరాలు చూసి జకాత్ పంపారు. ఎవరూ అడగలేదు, ప్రకటనా లేదు. వారి సందేహానికి తెలుగులో సరైన జవాబు దొరికింది, అంతే.

రమజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ పేజీని నెలవంక కనిపించాక దిద్దితే లాభం లేదు. సూచీలోకి కొత్త రాత చేరడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. రజబ్‌లోనే ధరలు దిద్దాలి. ఇంకో పొరపాటు కూడా మానుకున్నాము. ఏటా కొత్త పేజీ తెరిచి పాతది వదిలేసేవాళ్లం. అప్పుడు పాత లింకులన్నీ పాత పేజీకే సాక్ష్యం చెబుతూ ఉంటాయి. ఒకే చిరునామా ఉంచి లోపలి వివరం మార్చడమే మంచిది.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా అనిపించే విషయం. మన సైటులో ఎక్కువమంది చూస్తున్న పాత పేజీ ఒకటుంది. అది కేంద్ర ప్రభుత్వ మైనారిటీ ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ గురించి ఎవరో ఉత్సాహంతో పెట్టినది. ఆ పథకాన్ని 2022లో 9, 10 తరగతులకే పరిమితం చేశారు, 1 నుంచి 8 దాకా ఆపేశారు. మన పేజీ మాత్రం ఒకటో తరగతి నుంచి వస్తుందనే చెబుతూ ఉంది. సందర్శకులు వస్తున్నారు కదా ఉంచుదామన్నారు ఒకరు. తల్లిదండ్రులు ఆదాయ ధ్రువపత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి పథకం లేదని తెలుసుకోవడం మేము బడిలో కళ్లారా చూశాము. ఆ పేజీని తిరగరాసి, మొదటి వాక్యంలోనే 1 నుంచి 8 తరగతులకు ఇది లేదని చెప్పి, ఆ పిల్లలకు మన సొసైటీ ఇచ్చే నోటుపుస్తకాల వివరం కింద పెట్టాము. తర్వాతి నెలల్లో ఆ పేజీ చూసేవారు తగ్గారు. తగ్గినందుకు మాకు బాధ లేదు.

సాయం అందుకుంటున్నవారి ఫొటోలు పేర్లతో పెడితే జనం ఎక్కువగా చూస్తారని కూడా ఒక సలహా వచ్చింది. చూస్తారు, నిజమే. కుట్టుమిషన్ అందుకుంటున్న వితంతువు ముఖం, ఆమె పేరు, వీధి పేరు సెర్చ్‌లో పడితే పదేళ్ల తర్వాత ఆమె కూతురి పెళ్లి సంబంధం మాట్లాడేవాడికీ కనిపిస్తుంది. సూరా బఖరా 264వ ఆయత్ దానం చేసి మనసు నొప్పించవద్దని హెచ్చరిస్తుంది. అదే సూరా 271వ ఆయత్‌లో బహిరంగ దానానికీ చోటుంది, గుప్త దానం మరింత మేలన్న మాటా ఉంది. కొందరు దాతలు ఇదంతా రియా కాదా, ప్రదర్శన కాదా అని మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దాత పేరు, పుచ్చుకున్నవారి ముఖం కనిపించనక్కర్లేదు. ఫారం ఎక్కడ దొరుకుతుందో కనిపించకపోతే మాత్రం ఆ జూలైలో వచ్చిన తల్లికి మనం ఏం జవాబు చెబుతాము? అందుకే సైటులోని పాత ఫొటోల్లో ముఖాలు తెలిసేవన్నీ తీసేశాము.

మిగిలిన పనులు చిన్నవి. గూగుల్ ఇప్పుడు సైటును ప్రధానంగా ఫోన్‌లో కనిపించే రూపాన్ని బట్టే చదువుతుంది. మన మొదటి పేజీలోని పెద్ద ఫొటోల వల్ల పల్లెల్లో ఫోన్లలో అది తెరుచుకోవడానికే చాలాసేపు పట్టేది. వాటిని కుదించాము. అధ్యక్షులవారు తమ ఫొటో చిన్నదైనందుకు ఏమీ అనుకోలేదు. సైటు చిరునామాకు భద్రత పెట్టించాము. గూగుల్ మ్యాప్స్‌లో మన ఆఫీసు మసీదుకు అవతలి వీధిలో చూపించేది. ఆ ఉచిత ఖాతాను సొసైటీ పేరున తీసుకొని సరిచేశాము. సెర్చ్ కన్సోల్ అనే మరో ఉచిత సాధనం ఉంది. జనం ఏ మాటలతో వెతికినప్పుడు మన పేజీ కనిపించిందో, ఎంతమంది నొక్కారో అందులో తెలుస్తుంది. అడుగున తిరిగే మీటరును తీసేసి, కార్యవర్గానికి నెలకోసారి ఈ లెక్కతోపాటు వచ్చిన దరఖాస్తుల సంఖ్యనూ చూపిస్తున్నాము. వెనక్కి లాగుతున్న పని ఒకటే. అర్హత గల స్వచ్ఛంద సంస్థలకు గూగుల్ యాడ్ గ్రాంట్స్ కింద నెలకు 10,000 డాలర్ల విలువ వరకు సెర్చ్ ప్రకటనలు ఉచితంగా ఇస్తారు. అది నగదు కాదు, మామూలు ర్యాంకును పెంచదు కూడా. పైగా ప్రకటన చూసినవారిలో నెలకు కనీసం 5 శాతం మంది నొక్కాలన్న షరతు ఉంది. అంటే దాన్ని రోజూ చూసుకునే మనిషి కావాలి. దాతల కుటుంబాల్లో ఈ పని తెలిసిన యువకులుంటే ముందుకు రావాలని కోరుతున్నాము.

మీ నుంచి ఇంకో చిన్న సాయం. ప్రతి జూన్‌లో మన స్కాలర్‌షిప్ కరపత్రం బొమ్మ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. రెండేళ్ల కిందటి బొమ్మ, పాత గడువుతో, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. బొమ్మకు బదులు పేజీ లింకు పంపండి. గడువు మారితే పేజీలో మారుతుంది, అందరికీ ఒకే మాట అందుతుంది. గల్ఫ్‌లో ఉన్నవారు అక్కడి మిత్రులకు చూపేటప్పుడు కూడా బ్యాంకు వివరాలు ఫార్వర్డ్ మెసేజీ నుంచి కాక సైటు నుంచే తీసుకోవాలి, పంపేముందు యూపీఐలో సొసైటీ పేరు వస్తోందో లేదో చూసుకోవాలి.

ఆ అమ్మాయికి నిరుడు ఒక దాత తన పేరు చెప్పవద్దన్న షరతుతో ఫీజు కట్టారు. ఈ జూన్ మొదటి వారంలో ఆమె రెండో సంవత్సరానికి ఫోన్లోనే పేజీ తెరిచి దరఖాస్తు పెట్టింది. అదే పేజీ ద్వారా ఆమె వీధి నుంచి మరో ఇద్దరివి వచ్చాయి. సొసైటీ పేరు కొట్టకుండా, నిరుడు కొట్టిన ఆ మాటలతోనే వెతికితే మనది ఇప్పుడు మొదటి పేజీలో అడుగున వస్తోంది.

ఈ వ్యాసం కూడా అను ఫాంట్లలోనే కంపోజ్ అయి మీ చేతికి వచ్చింది. సైటులో పెట్టడానికి యూనికోడ్ ప్రతిని విడిగా ఇవ్వమని ప్రెస్‌వారిని అడిగాము, ఇస్తామన్నారు.